కార్తీకంలో మొదలయ్యే ఏడాది: చెన్నైలో గుడ్లగూబలూ వలస పక్షులూ

వలస పక్షులు చలికాలంలో వస్తాయి, ఎండలు ముదరగానే వెళ్ళిపోతాయి. బళ్ళో చదువుకున్న దాంట్లో చాలామందికి ఇంతే గుర్తుంటుంది. చెన్నైలో పక్షులు చూడాలని బయల్దేరినవాళ్ళకి ఈ మాట సగమే పనికొస్తుంది. ఈ ఊళ్ళో చలి అంటూ చెప్పుకోదగ్గది లేదు. జనవరి తెల్లవారుజామున కూడా ఇరవై డిగ్రీలకు అటూ ఇటూగా ఉంటుంది. ఇక్కడ ఏడాదిని భాగాలు చేసేది నీరు. సగటున ఏడాదికి 1,400 మిల్లీమీటర్ల దాకా వాన పడితే, అందులో దాదాపు అరవై శాతం అక్టోబర్, నవంబర్, డిసెంబర్ నెలల్లోనే పడుతుంది.

హైదరాబాదు నుంచో గుంటూరు నుంచో ఉద్యోగానికి వచ్చి పెరుంగుడిలోనో షోళింగనల్లూరులోనో స్థిరపడ్డ తెలుగువాళ్ళకి మొదట్లో ఇది తికమకగా ఉంటుంది. అక్కడ మృగశిర కార్తె వచ్చిందంటే వానల మాట మొదలైనట్టే. ఇక్కడ జూన్, జూలైల్లో ఏ సాయంత్రమో ఉరిమి, ఓ గంట కురిసి ఊరుకుంటుంది. అసలు వాన స్వాతి కార్తెకి గానీ దిగదు. నెల్లూరు, సూళ్ళూరుపేట వైపువాళ్ళకి మాత్రం ఇందులో కొత్తేమీ లేదు, వాళ్ళదీ ఇదే వాన. ఈ తీరంలో పక్షుల ఏడాది కార్తీకంలో మొదలవుతుందని పెట్టుకుంటే మిగతా నెలల లెక్క చాలావరకు దానంతటదే కుదురుతుంది.

దీని వెనక రెండు వేరువేరు కారణాలున్నాయి. సైబీరియాలోనో మధ్య ఆసియాలోనో వేసవిలో పిల్లల్ని పెంచుకున్న పక్షి, అక్కడ పగటి పొద్దు తగ్గుతుండగానే కదలాలి. చెన్నైలో వాన పడిందో లేదో దానికి తెలిసే దారి లేదు. ఒంట్లో కొవ్వు నింపుకుని తన వేళకి తాను బయల్దేరుతుంది. ఇక్కడే పుట్టి ఇక్కడే ఉండే పక్షి సంగతి వేరు. పిల్లలకి పెట్టే తిండి ఎప్పుడు దండిగా దొరుకుతుందో ఆ రోజులకి పిల్లలు బయటికొచ్చేలా గుడ్లు పెడుతుంది. ఆ తిండి నీటి వెంట వస్తుంది. దూరం నుంచి వచ్చిన పక్షి కూడా ఇక్కడ దిగాక ఎక్కడ ఆగాలి, ఎన్నాళ్ళుండాలి అన్నది నీటిని చూసే తేల్చుకుంటుంది. ఇదంతా కళ్ళారా చూడాలంటే ఊరంతా తిరిగి కొత్త కొత్త పక్షుల జాబితా పెంచుకోవడం కన్నా, ఒకే చోటికి ఏడాది పొడుగునా మళ్ళీ మళ్ళీ వెళ్ళడం మేలు. అలా వెళ్ళేవాళ్ళకి గుడ్లగూబ చాలా అక్కరకొస్తుంది, ఎందుకంటే అది చోటు మారదు.

చెన్నైలో గుడ్లగూబ కోసం అడవికి పోనక్కర్లేదు. చుక్కల చిన్న గుడ్లగూబ, పల్లెల్లో పైడికంటి అని పిలిచేది, ఊళ్ళోనే ఉంటుంది. గోరింక కన్నా పెద్దది కాదు. పాత వీధుల్లో నిద్రగన్నేరు, వేప, చింత చెట్ల తొర్రలు, పాత బంగళాల చూర్లు, గోడల్లో మూయకుండా వదిలేసిన కన్నాలు దానికి ఇళ్ళు. దీపాలు పెట్టే వేళకి కాస్త ముందు తొర్ర అంచుకి వచ్చి కూర్చుంటుంది. బూడిద కలిసిన గోధుమ రంగు ఒంటి నిండా తెల్ల చుక్కలు, పసుపు కళ్ళ మీద తెల్ల కనుబొమలు. కింద ఎవరైనా ఆగి తలెత్తి చూస్తే అది కూడా వాళ్ళనే చూస్తూ తలని కిందకీ పైకీ, అటూ ఇటూ ఊపుతుంది. పిల్లలు దాన్ని చూసి నవ్వుతారు. నిజానికి అది దూరం కొలుచుకుంటోంది. గుడ్లగూబ కళ్ళు మన కళ్ళలా గుండ్రంగా ఉండవు, గొట్టాల్లా ఉండి ఎముక వలయంలో బిగిసిపోయి ఉంటాయి. వాటిని తిప్పడం దానికి కుదరదు. అందుకని తలనే జరిపి, ఒకే వస్తువును రెండు మూడు కోణాల్నుంచి చూసి ఎంత దూరంలో ఉందో తేల్చుకుంటుంది. మెడలో మనకి ఏడు ఎముకలుంటే దానికి పద్నాలుగు. తలని 270 డిగ్రీల దాకా తిప్పగలగడం అందువల్లే.

ఒక చెట్టు, ఒక జంట. ఏడాది పాటు వాటిని గమనిస్తే నెలల తేడా తెలుస్తుంది. వానలు వెలిసిన డిసెంబర్, జనవరి ఉదయాల్లో రెండూ తొర్ర బయట ఒకదాన్నొకటి ఆనుకుని ఎండ కాచుకుంటాయి. ఒకదాని మెడ ఈకల్ని ఒకటి ముక్కుతో సరిచేస్తుంది. సాయంత్రాలు అరుపులు ఎక్కువవుతాయి. బొంగురుగా, వరసగా, కీచుకీచుమంటూ రెండూ కలిసి అరిచే ఆ అరుపు విని ఏవో పిల్లులు కొట్లాడుకుంటున్నాయనుకునేవాళ్ళు చాలామంది. దక్షిణాదిన ఇవి నవంబర్ నుంచి ఏప్రిల్ దాకా గుడ్లు పెడతాయి, మామూలుగా మూడో నాలుగో. ఆ రోజుల్లో ఒకటే బయట కనిపిస్తుంటే రెండోది లోపల పొదుగుతోందని ఊహించవచ్చు. మార్చి, ఏప్రిల్ వచ్చేసరికి తొర్ర ముందు మూడు నాలుగు మొహాలు కనిపించడం మొదలవుతుంది. పిల్లల చుక్కలు అంత స్పష్టంగా ఉండవు, ఒళ్ళంతా నూగుగా ఉంటుంది.

ఈ కాలంలోనే అసలు టెన్షన్ అంతా. రామచిలుకలూ ఇదే సీజన్‌లో తొర్రలు వెతుక్కుంటాయి. వాటి వెనకే గోరింకలు వస్తాయి. ఉడతలు ఎలాగూ ఉంటాయి. వీటిలో ఏదీ తొర్రని తానే తొలుచుకోలేదు. వడ్రంగిపిట్ట తొలిచి వదిలేసిందో, కొమ్మ విరిగిన చోట కుళ్ళి ఏర్పడిందో దొరకాలి. అలాంటి తొర్ర పడాలంటే చెట్టుకి వయసు రావాలి. 2016 డిసెంబర్ 12న వర్ధా తుఫాను చెన్నైని దాటినప్పుడు కూలిపోయిన వేలాది చెట్లలో పెద్దవీ పాతవీ ఎన్నో ఉన్నాయి. తర్వాత మొక్కలు నాటారు, అవి ఎదుగుతున్నాయి కూడా. నీడ పదేళ్ళలో తిరిగి వస్తుందేమో గానీ తొర్రలు రావు. కార్పొరేషన్ మనుషులు ఎండు కొమ్మలు కొట్టేటప్పుడు ఆ కొమ్మలో తొర్ర ఉందేమో చూడమని కాలనీవాళ్ళు ఒక మాట చెప్పగలిగితే, అదీ మార్చి, ఏప్రిల్ కాకుండా చూసుకోగలిగితే, అది వంద మొక్కలు నాటినంత పని.

పైడికంటి తిండి చూస్తే వాన ఎక్కడెక్కడికి చేరుతుందో తెలుస్తుంది. ఎక్కువగా తినేవి పురుగులు, పెంకు పురుగులు, రెక్కల పురుగులు, బల్లులు, అప్పుడప్పుడు చిట్టెలుక. తొలకరి జల్లు పడిన సాయంత్రం ఉసిళ్ళు లేస్తాయి కదా, ఆ గంట చూడాలి. వీధి దీపం కింద మసక మసకగా ఎగిరే ఉసిళ్ళ మీదకి గుడ్లగూబలు దూకి, కాలితో అందుకుని, తీగ మీద కూర్చుని తింటాయి. చీకటి పడేదాకా కాకులు, ఏట్రింతలు కూడా అక్కడే. గుడ్లగూబ నివాసం కనిపెట్టడానికి పగటిపూట ఒక సులువైన దారి ఉంది. ఒక చెట్టు మీద పిగిలిపిట్టలు, ఏట్రింతలు, కాకులు, ఉడతలు ఒక్కసారిగా గొడవ చేస్తూ ఒకే చోటికి చూస్తున్నాయంటే అక్కడ పామైనా ఉండాలి, పిల్లి అయినా ఉండాలి, గుడ్లగూబైనా ఉండాలి.

ఊళ్ళో ఉండే రెండోది తెల్ల గుడ్లగూబ, హృదయాకారపు ముఖంతో ఉంటుంది. కోవెల గోపురాలు, షావుకారుపేట వైపు పాత మేడలు, ఇప్పుడైతే అపార్ట్‌మెంట్ల పైపులు దిగే సందులు దాని తావులు. ఇది ఎక్కువగా ఎలుకల మీద బతికే పక్షి. దాని రెండు చెవులూ తల మీద ఒకే ఎత్తులో ఉండవు, ఒకటి కాస్త పైకి, ఒకటి కాస్త కిందకి. ఎలుక కదిలిన చప్పుడు రెండు చెవులకీ అందే తీరులో ఉన్న చిన్న తేడాతో అది పక్కకే కాదు, పైకీ కిందకీ కూడా దిక్కు పట్టగలదు. కటిక చీకట్లో కూడా ఎలుకని పట్టడం దీనివల్లే. రెక్కల ముందు అంచున ఈకలకి సన్నని పళ్ళుంటాయి, వెనక అంచున కుచ్చు ఉంటుంది, పైన మెత్తటి నూగు. గాలిని అవి చిన్న చిన్న పాయలుగా విడగొట్టడంతో ఎగురుతున్న చప్పుడు వినపడదు. ఎలుకని ముక్కలు చేయకుండా మింగి, అరగని ఎముకల్నీ బొచ్చునీ ఉండగా చేసి కక్కేస్తుంది. దాని చోటు కింద నల్లగా మెరిసే ఆ ఉండలు దొరుకుతాయి. ఒకదాన్ని నీళ్ళలో నానబెట్టి పుల్లతో విడదీస్తే ఎలుక పుర్రెలు, దవడలు, పళ్ళు చెక్కుచెదరకుండా బయటపడతాయి. ఆ రాత్రి ఆ వీధిలో ఏం జరిగిందో అంత కచ్చితంగా చెప్పేది ఇంకొకటి లేదు. బడిపిల్లల చేత చేయించడానికి ఇంతకన్నా మంచి సైన్సు పాఠం దొరకదు (చేతులు బాగా కడుక్కోవాలి, అంతే).

ఇంత మేలు చేసే పక్షికి మనలో ఉన్న పేరు మాత్రం చెడ్డది. ఇంటి మీద వాలితే చావు కబురనీ, ఇంట్లో దూరితే ఇల్లు వదిలేయాలనీ నమ్మే కుటుంబాలు చెన్నై తెలుగిళ్ళలో ఇంకా ఉన్నాయి. రాత్రిపూట ఒక్కసారిగా చీరుకుపోయినట్టు అరిచే దాని అరుపు ఆ భయానికి బలమిచ్చి ఉంటుంది. లక్ష్మీదేవి వాహనంగా కొలిచే ఉత్తరాదిన కూడా దానికి క్షేమం లేదు. దీపావళి ముందు రోజుల్లో తాంత్రిక పూజల పేరుతో గుడ్లగూబల దొంగ వ్యాపారం పెరుగుతుందని వన్యప్రాణుల అక్రమ రవాణాను గమనించే సంస్థలు చాలా ఏళ్ళుగా హెచ్చరిస్తున్నాయి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం గుడ్లగూబని పట్టడం, అమ్మడం, పెంచడం అన్నీ నేరాలే. నమ్మకంతో పాటు, ఎవరికీ తెలియకుండా, దీన్ని చంపుతున్నది ఎలుకల మందు. మందు తిన్న ఎలుక వెంటనే చావదు, మత్తుగా తిరుగుతూ సులువుగా దొరుకుతుంది. దాన్ని తిన్న గుడ్లగూబకీ ఆ మందే ఎక్కి లోపల రక్తం గడ్డకట్టక చనిపోతుంది. ఎలుకల్ని తగ్గించడానికి పెట్టింది ఎలుకల్ని తినేదాన్నే తగ్గిస్తోంది. బోను పెట్టడం, చెత్తని మూసి ఉంచడం కాస్త శ్రమే, అయినా ఆ శ్రమ పడాల్సిందే.

ఇక అక్టోబర్. మొదటి వారాల్లో పత్రికల్లో, కాలనీ వాట్సాప్ గ్రూపుల్లో ఒక ఫోటో తప్పకుండా కనిపిస్తుంది: బాల్కనీలోనో బాత్రూమ్ కిటికీ దగ్గరో నీరసంగా నిల్చున్న ఒక రంగురంగుల పొట్టి పిట్ట. అది పొన్నంగి పిట్ట. పచ్చని వీపు, రెక్క మీద మెరిసే నీలం, పొట్ట కింద ఎరుపు, కంటి మీదుగా నల్లటి చార. హిమాలయాల దిగువన, మధ్య భారతంలో వానాకాలంలో పిల్లల్ని పెంచుకుని, రాత్రిళ్ళు ఎగురుతూ దక్షిణానికి వస్తుంది. అలసిపోయి, దీపాల వెలుగుకి దారి తప్పి, అద్దాలకి తగిలి పడుతుంది. దాన్ని చిల్లులు పెట్టిన అట్టపెట్టెలో, చీకటిగా చప్పుడు లేని చోట కొన్ని గంటలు ఉంచి, దగ్గర్లో చెట్లున్న చోట వదిలేస్తే చాలు. నోట్లో నీళ్ళు పోయకూడదు. కాకులు తరిమితే కింద పడ్డ తెల్ల గుడ్లగూబకీ ఇదే పద్ధతి, కాకపోతే దాన్ని చీకటి పడ్డాకే వదలాలి. బతికి బట్టకట్టిన పొన్నంగులు గిండీ జాతీయ ఉద్యానంలో, అడయార్‌లో దివ్యజ్ఞాన సమాజం తోటలో ఎండుటాకులు చెదరగొడుతూ చలికాలమంతా గడుపుతాయి. గిండీ ఉద్యానం 270 హెక్టార్లే, చుట్టూ ఊరే, అయినా ఇంత చిన్న అడవి నగరం నడిమధ్య మిగిలి ఉండబట్టే వాటికి దిగడానికి చోటు దొరుకుతోంది.

నీటికీ పక్షికీ ఉన్న లంకె అర్థం కావాలంటే మాత్రం పళ్ళికరణై వెళ్ళాలి. ఊరికి దక్షిణాన ముప్పైకి పైగా చెరువుల మిగులు నీరు వచ్చి చేరే చిత్తడి నేల ఇది. ఇక్కడి నుంచి నీరు ఒక్కియం మడుగు మీదుగా బకింగ్‌హామ్ కాలువలో కలిసి కోవళం దగ్గర సముద్రానికి పోతుంది. ఒకప్పుడు ఇప్పటికి ఎన్నో రెట్లుండేది. ఒక పక్క పెరుంగుడి చెత్త గుట్ట, ఇంకో పక్క ఐటీ కంపెనీల మేడలు, మధ్యలో రోడ్లు తినగా మిగిలినదాంట్లో దాదాపు 1,248 హెక్టార్లకి 2022లో రామ్‌సార్ గుర్తింపు (ముఖ్యమైన చిత్తడి నేలలకి ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు) వచ్చింది. తొరైప్పాక్కం నుంచి పల్లావరం వెళ్ళే రేడియల్ రోడ్డు పక్కన ఆగి చూస్తే చాలు, బైనాక్యులర్స్ ఉంటే మరీ మంచిది.

ఇక్కడ గమనించాల్సింది లోతు. నవంబర్‌లో పెద్ద వానలు పడి నీరు నిండుగా ఉన్నప్పుడు గూడబాతులు (పెలికన్లు), నీటికాకులు, మునిగి వేటాడే చిన్న బుడుంగులు కనిపిస్తాయి. బురదలో పొడుచుకుతినే ఉల్లంకి జాతి పిట్టలకి అప్పుడు నిలబడే చోటే ఉండదు. వాటిని వెతుక్కుంటూ అప్పుడు వెళ్తే ఈసారి వలస పక్షులే రాలేదనిపిస్తుంది. అవి వచ్చే ఉంటాయి, ఎక్కడో పలచని నీళ్ళున్న ఉప్పు మళ్ళలోనో వరి మళ్ళలోనో ఉంటాయి. డిసెంబర్ చివరికి నీరు కాస్త దిగుతుంది. తల కిందికి, తోక పైకి పెట్టి అడుగున మేసే బాతులకి ఇది సరైన లోతు. మెడ పొడుగ్గా ఉన్న సూదితోక బాతు కాస్త లోతులో మేస్తే, కురచ మెడ బాతులు అంచుకి దగ్గరగా మేస్తాయి. జనవరి, ఫిబ్రవరుల్లో ఇంకా దిగి బురద బయటపడగానే ఉల్లంకులు గుంపులు గుంపులుగా చేరతాయి. గులాబి రంగు పొడుగు కాళ్ళ నల్లరెక్కల పిట్ట మోకాళ్ళ లోతులో నడుస్తుంది. బొటనవేలంత కాళ్ళున్న చిన్న ఉల్లంకి తడి బురద మీద పరిగెడుతుంది. నీరు మరింత పలచబడి, ఉప్పదనం పెరిగి, అందులో చిన్న చిన్న జీవులు దట్టంగా తయారయ్యాక రాజహంసలు (ఫ్లెమింగోలు) దిగుతాయి. ముక్కు తలకిందులుగా పెట్టి నీటిని వడకట్టుకునే పక్షి అది, లోతైన మంచినీరు దానికి అక్కర్లేదు. ఒకే చోటు, ఒకే సీజన్, నాలుగు నెలల్లో నాలుగు రకాల జనం. కాళ్ళ పొడుగూ మెడ పొడుగూ చూస్తే ఆ రోజు నీరెంత లోతుందో చెప్పేయవచ్చు.

అందుకే చిత్తడి నేలని చెరువులా ఏడాదంతా నింపి ఉంచాలనుకోవడం పక్షులకి మేలు చేయదు. నిండటం ఎంత అవసరమో, మెల్లగా ఇంకిపోవడమూ అంతే అవసరం. ఊళ్ళో చెరువులకి గట్లు పోసి, చుట్టూ వాకింగ్ ట్రాక్ వేసి, అంచులు నిలువుగా కట్టేసిన చోట్ల నీరుంటుంది గానీ పలచని అంచు ఉండదు. అందంగా ఉన్నా అక్కడ మేసే పక్షులు తక్కువ.

వాన సరిగా పడని ఏడాది ఇదంతా తారుమారవుతుంది. 2018లో ఈశాన్య రుతుపవనాలు మొహం చాటేశాక, మరుసటి వేసవి 2019లో చెన్నైకి నీళ్ళిచ్చే చెరువులన్నీ ఎండి ట్యాంకర్ల ముందు క్యూలు కట్టిన సంగతి ఇక్కడివాళ్ళెవరూ మర్చిపోలేదు. అలాంటి ఏడాది చెరువులో నిలిచిన చెట్ల మీద గూళ్ళు కట్టే పక్షులకి ఆ చెట్ల కింద నీరే ఉండదు. కింద నీరుంటేనే పిల్లుల నుంచీ కుక్కల నుంచీ గూటికి కాపలా.

ఈ గూళ్ళు చూడటానికి చెన్నై తెలుగువాళ్ళకి రెండు దారులున్నాయి. దక్షిణంగా వెళ్తే వేడంతాంగల్, చెంగల్పట్టు దాటాక. అక్కడి రైతులు పక్షుల్ని కాపాడుకోవడం 18వ శతాబ్దం చివరినాటికే ప్రభుత్వ కాగితాల్లోకి ఎక్కింది. పక్షుల రెట్ట కలిసిన చెరువు నీరు పొలానికి ఎరువని వాళ్ళకి తెలుసు. ఉత్తరంగా వెళ్తే నేలపట్టు, పులికాట్. చెన్నై సెంట్రల్ నుంచి సూళ్ళూరుపేటకి లోకల్ రైలుంది, టిఫిన్ కట్టుకుని పొద్దున్నే ఎక్కితే సాయంత్రానికి ఇంటికి రావచ్చు. నేలపట్టు చెరువులో కడప చెట్ల మీద గూడబాతులు వందల కొద్దీ గూళ్ళు పెడతాయి. వాటితో పాటు నత్తగుల్ల కొంగలు, తెల్ల కంకణాలు, నీటికాకులు. నత్తగుల్ల కొంగ ముక్కు మూసినా మధ్యలో సందు ఉంటుంది, నత్తని పట్టడానికి తగ్గట్టు. ఈ వానలకి పుట్టిన నత్తలూ చేపలూ పెరిగే రోజులకి పిల్లలకి ఆకలి ఎక్కువయ్యేలా ఈ పక్షులన్నీ నవంబర్, డిసెంబర్ నుంచి గూళ్ళ పనిలో పడతాయి. పిల్లలు పెరుగుతున్న జనవరిలో వెళ్తే చెట్టు చెట్టంతా గోలగా ఉంటుంది. సూళ్ళూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్ళే రోడ్డు పులికాట్ సరస్సు మధ్య నుంచే పోతుంది, నీరు సరైన లోతులో ఉంటే రెండు పక్కలా రాజహంసలు. ఫ్లెమింగో ఫెస్టివల్ రోజుల్లో జనం ఎక్కువ. పక్షుల్ని తీరిగ్గా చూడాలంటే ఆ రోజులు కాకుండా వెళ్ళడమే మంచిది. ఇళ్ళ దగ్గరే ఉండేవాళ్ళు సంక్రాంతి నాలుగు రోజుల్లో తమిళనాడంతటా జరిగే పొంగల్ బర్డ్ కౌంట్‌లో చేరి, పదిహేను నిమిషాలు మేడ మీద నిలబడి కనిపించిన పక్షుల్ని రాసి పంపినా అది పనికొచ్చే లెక్కే.

ఇదే కాలంలో మేడవాక్కం దాటాక నన్మంగళం రాళ్ళ మధ్య ఇంకో గుడ్లగూబ గూడు పెడుతుంది. చెవుల దగ్గర కొమ్ముల్లా నిలిచిన ఈకలతో, నారింజ రంగు కళ్ళతో, గద్దంత ఉండే కొమ్ముల గుడ్లగూబ. పొద్దుగూకే వేళ రాయి అంచున కూర్చుని లోతైన గొంతుతో ఆగి ఆగి 'బూ... బో' అంటుంది. ఇది చెట్టెక్కి గూడు కట్టదు. కొండ చరియలో, రాతి గట్టు మీద నేలని కొంచెం గీరి అక్కడే గుడ్లు పెడుతుంది. నగరానికి కంకర కోసం తవ్వి వదిలేసిన క్వారీల నిలువు గోడలు దీనికి నచ్చాయి. మనిషి పాడుచేసి పోయిన చోటు ఒక పెద్ద పక్షికి ఇల్లయింది. అయితే గూడు నేల మీదే కాబట్టి కుక్కలకీ సెల్ఫీ కోసం గట్టెక్కేవాళ్ళకీ అందుబాటులో ఉంటుంది. అది రిజర్వ్ అడవి, అనుమతి లేకుండా లోపలికి పోకూడదు.

మార్చి చివరికి గుంపులు పలచబడతాయి. పొదల్లో దాక్కుని 'చక్ చక్' మంటూ చలికాలమంతా వినిపించిన చిన్న రెల్లు పిట్టలు, రావి పళ్ళ మీద దాడిచేసిన గులాబి గోరింకల గుంపులు ఏప్రిల్‌లో లేచిపోతాయి. ఉగాదికి కోయిల వచ్చిందంటాం గానీ అది ఎక్కడికీ వెళ్ళలేదు, చలికాలమంతా నోరు మూసుకుని ఆకుల్లో ఉంది. కాకులు గూళ్ళు కట్టే వేసవి దగ్గరపడగానే, ఆ గూళ్ళలో గుడ్లు పెట్టాల్సిన కోయిల జంటలకి గొంతు లేస్తుంది. మిట్టమధ్యాహ్నం టంక్ టంక్ మని రేకు కొడుతున్నట్టు వినిపించేది కంసాలి పిట్ట, ఎండు కొమ్మలో తన తొర్ర తానే తొలుచుకుంటూ. చాతక పక్షి విషయంలో కూడా ఉత్తరాది లెక్క ఇక్కడ పట్టదు. అక్కడ అది నైరుతి రుతుపవనాల ముందు ఆఫ్రికా నుంచి వచ్చే అతిథి. దక్షిణ భారతంలో మాత్రం ఏడాదంతా ఇక్కడే ఉండే చాతకాలు ఉన్నాయి, వాటిని చూసి వాన వస్తుందని చెప్పలేం.

జూన్, జూలై చెన్నైలో పక్షులకి మందకొడి నెలలు. చాలామంది బైనాక్యులర్స్ బీరువాలో పెట్టేస్తారు. తొర్ర దగ్గర మాత్రం ఎగరడం నేర్చిన పిల్లలు తల్లిదండ్రుల వెంట తిరుగుతూ కొమ్మ మీద వరసగా కూర్చునే రోజులవి. ఆగస్టు రాగానే పళ్ళికరణై బురదలో మొదటి ఉల్లంకులు కనిపిస్తాయి. ఇక్కడ మండిపోతోంది, ఒక్క చెరువూ నిండలేదు, అయినా ఉత్తరాన వేసవి అయిపోయింది కాబట్టి అవి వచ్చేశాయి. సెప్టెంబర్‌కి తీగల మీద స్వాలో పిట్టల వరసలు.

గుడ్లగూబలని చూసేటప్పుడు పాటించాల్సినవి కొన్ని ఉన్నాయి, వీటిలో రాజీ కూడదు. ఫోన్‌లో దాని అరుపు పెట్టి పిలవకూడదు. తన తావులోకి ఇంకో గుడ్లగూబ చొరబడిందనుకుని అది పొదగడం ఆపి బయటికొస్తుంది. రాత్రిపూట ఫ్లాష్ కొట్టకూడదు. గూడున్న చెట్టు ఏ వీధిలో ఉందో గ్రూపుల్లో పెట్టకూడదు, మంచి మనసుతో పెట్టినా సరే, ఫోటోల కోసం వచ్చేవాళ్ళతో పాటు పట్టుకుని అమ్మేవాళ్ళూ అది చదువుతారు. ఏప్రిల్, మే నెలల్లో చెట్టు కింద నూగు గుడ్లగూబ పిల్ల కనిపిస్తే చాలాసార్లు అది పడిపోయింది కాదు, ఎగరడం నేర్చుకుంటోంది. దెబ్బ లేకపోతే దగ్గర్లోని కొమ్మ మీదో గోడ మీదో ఎక్కించి, పిల్లుల్ని అదిలించి, పక్కకి జరిగి చూస్తే చీకటి పడ్డాక పెద్దవి వచ్చి మేత పెట్టడం కనిపిస్తుంది.

రాసుకోవాలనుకునేవాళ్ళు పక్షి పేరూ తేదీతో పాటు ఇంకో మూడు సంగతులు రాసుకుంటే ఆ నోట్‌బుక్ విలువ పెరుగుతుంది: చెరువులో నీరు ఎక్కడిదాకా ఉంది, తొర్ర బయట ఎన్ని గుడ్లగూబలు కూర్చున్నాయి, కోయిల గొంతు ఏ రోజు మొదటిసారి వినిపించింది. ఒక వాన బాగా పడిన ఏడాదినీ ఒక కరువు ఏడాదినీ ఇలా పక్కపక్కన పెడితే, ఏ పక్షి తన వేళకి తాను వచ్చిందో, ఏది నీటి కోసం ఆగిందో విడివిడిగా కనిపిస్తుంది. ఆగస్టులో మొదటి ఉల్లంకి తేదీ రెండేళ్ళూ దగ్గర దగ్గరగానే ఉంటుంది. నేలపట్టులో గూళ్ళు మొదలైన తేదీకి మాత్రం వారాల తేడా రావచ్చు.